అద్దె ఫ్లాటులో కరెంటు లోపాలు: కారణం కనిపెట్టి బాగు చేయించుకోవడం ఎలా

అద్దెకు ఉండేవారు తాము వేయించని వైరింగుతో, తాము ఎన్నడూ తెరిచి చూడని బోర్డులతో కాపురం చేస్తారు. గోడలో ఏ తీగ ఎటు పోతున్నదో వారికి తెలియదు; తెలిసే అవకాశం ఉన్న యజమాని ఆ ఇంట్లో ఉండడు. అందువల్ల అద్దె ఇళ్లలో జరిగే మరమ్మతుల్లో చాలా వరకు పైకి కనిపించే లక్షణానికే జరుగుతాయి. మాటిమాటికీ పడిపోతున్న ఎంసీబీని (కరెంటు హద్దు దాటితే తనంతట తానే ఆగిపోయే స్విచ్‌ను) పీకేసి పెద్దది పెడతారు, మాడిపోయిన సాకెట్టును తీసేసి కొత్తది బిగిస్తారు, అసలు కారణం గోడలోనే మిగిలిపోతుంది. లోపం ఏ సర్క్యూటులో (ఒకే ఎంసీబీ కింద నడిచే దీపాలు, సాకెట్ల గుంపులో), ఏ పరిస్థితిలో వస్తున్నదో మీరు ముందే తేల్చి యజమానికి రాతపూర్వకంగా చెప్పగలిగితే, వచ్చిన ఎలక్ట్రీషియన్ ఏం మార్చాడో చూసి అర్థం చేసుకోగలిగితే, ఆ డబ్బు కారణం మీద ఖర్చవుతుంది. ఇక్కడ చెప్పే పద్ధతిలో స్క్రూడ్రైవరు పట్టుకోవలసిన అవసరం మీకు ఎక్కడా రాదు. స్విచ్చులు వేయడం, తీయడం (అంటే ఆపడం), ప్లగ్గులు పీకడం, చూసినది రాసుకోవడం మాత్రమే మీ పని.

మొదట: వాయిదా వేయకూడని లోపాలు

కొన్ని లోపాల విషయంలో యజమానికి ఫోను చేయడం రెండో పని. మెయిన్ స్విచ్ తీసేయడం మొదటి పని. స్విచ్ బోర్డు నుంచి చిటపట శబ్దం రావడం, సాకెట్టు అంచులు గోధుమ రంగుకు తిరగడం, ప్లాస్టిక్ మాడిన వాసన రావడం ఈ కోవలోకి వస్తాయి. వేడెక్కిన కొన్ని రకాల ప్లాస్టిక్ భాగాలు చేపల వాసన వేస్తాయి కాబట్టి, వంటగదిలో కారణం లేకుండా అలాంటి వాసన వస్తుంటే బోర్డుల దగ్గర ముక్కు పెట్టి చూడడం మంచిది. కుళాయి, గీజరు, వాషింగ్ మెషిన్, ఫ్రిజ్ వంటి లోహపు వస్తువులను ముట్టుకుంటే షాక్ కొట్టడం, బోర్డులోకో పైకప్పు దీపంలోకో నీరు కారడం కూడా అంతే తీవ్రమైనవి. అటువంటప్పుడు ఆ సర్క్యూటు ఎంసీబీని, ఏది ఏదో తెలియకపోతే మెయిన్‌నే, పొడి చేతితో ఆపేయండి. బోర్డు దగ్గరే నీరు ఉంటే దాన్ని కూడా ముట్టుకోకుండా, భవనం మీటర్ల గదిలోని స్విచ్‌ను తీయించండి.

వీటన్నిటిలోనూ జనం అతి తేలికగా తీసుకునేది మరొకటి ఉంది. ఒక గదిలో దీపాలు మామూలు కంటే ప్రకాశవంతంగా వెలుగుతూ, మరో గదిలో మసకబారుతూ ఉంటే, లేదా ఫ్యాన్లు ఒక్కసారిగా విపరీతమైన వేగంతో తిరిగితే, అది వోల్టేజీ హెచ్చుతగ్గులు అని సరిపెట్టుకోవద్దు. భవనానికి మూడు ఫేజుల (కరెంటు తెచ్చే తీగల) సరఫరా వస్తున్నప్పుడు ఎక్కడో న్యూట్రల్ తీగ (కరెంటు తిరిగి వెళ్లే తీగ) తెగిపోయినా, వదులైనా ఇలాగే జరుగుతుంది. మామూలుగా ప్రతి ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 230 వోల్టులు ఉంటాయి, రెండు ఫేజుల మధ్య 400 వోల్టులు ఉంటాయి. న్యూట్రల్ దారి మూసుకుపోతే వేర్వేరు ఫేజుల మీద ఉన్న పరికరాలు ఒకదానితో ఒకటి వరుసలో కలిసి ఆ 400 వోల్టులను పంచుకుంటాయి. ఆ పంపకం సమానంగా ఉండదు. తక్కువ కరెంటు తీసుకుంటున్న వైపుకు ఎక్కువ వోల్టేజీ చేరి టీవీలు, ఫ్రిజ్‌లు, ఛార్జర్లు నిమిషాల్లో కాలిపోతాయి. మామూలు ఎంసీబీ దీన్ని పసిగట్టదు. వెంటనే మెయిన్ తీసేసి, పక్క ఫ్లాట్ల వారికి కూడా చెప్పి, సరఫరా సంస్థకు ఫిర్యాదు చేయాలి.

ఎవరికైనా కరెంటు పట్టుకున్నప్పుడు వారిని చేత్తో లాగకూడదు. ముందు మెయిన్ తీయాలి. నిప్పు అంటుకుంటే నీళ్లు పోయకూడదు. కార్బన్ డయాక్సైడ్ లేదా పొడి రసాయనపు ఆర్పకం అందుబాటులో ఉండి, మంట చిన్నదై, బయటికి పోయే దారి మీ వెనుక ఉంటేనే ఆర్పే ప్రయత్నం చేయాలి. లేకపోతే తలుపు మూసి బయటికి వెళ్లి అగ్నిమాపక దళాన్ని పిలవాలి.

బోర్డును చదవడం

తొందర లేని రోజున, పగటి వెలుగులో, మీ ఫ్లాటు డిస్ట్రిబ్యూషన్ బోర్డు మూత తెరవండి. లోపలి స్క్రూలు విప్పి తీసే కవరు జోలికి పోకుండా, మీటలు కనిపించే బయటి మూతను మాత్రమే తెరవాలి. సాధారణంగా మూడు రకాల పరికరాలు కనిపిస్తాయి. ఒకటి ఇల్లంతటినీ ఆపే మెయిన్ స్విచ్. రెండోది ‘టీ’ అనే అక్షరంతోనో ‘టెస్ట్’ అనే మాటతోనో చిన్న బటన్ ఉన్న ఆర్‌సీసీబీ. మూడోది ఒక్కో సర్క్యూటుకు ఒకటి చొప్పున వరుసగా ఉండే ఎంసీబీలు. పాత భవనాల్లో ఎంసీబీల చోట ఫ్యూజులు ఉండవచ్చు. ఆర్‌సీసీబీ అసలే లేకపోవచ్చు. లేకపోతే, మరే లోపం లేకపోయినా యజమానికి రాయడానికి అదొక్కటే చాలు.

ఈ రెండు రక్షణలు చేసే పనులు వేరు. ఎంసీబీ తీగను కాపాడుతుంది. తీగ మోయగలిగిన దానికంటే ఎక్కువ కరెంటు పారినా, షార్ట్ సర్క్యూట్ అయినా పడిపోతుంది. ఆర్‌సీసీబీ మనిషిని కాపాడుతుంది. ఫేజులో వెళ్లిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగి వచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా లేదా అని చూస్తూ, తేడా వస్తే ఎక్కడో భూమిలోకో మనిషి ఒంట్లోకో కారిపోతున్నదని గ్రహించి సరఫరాను ఆపేస్తుంది. ఇళ్లలో వాడే ఆర్‌సీసీబీ హద్దు 30 మిల్లీఆంపియర్లు. అంత కరెంటు ఒంటి గుండా కొద్ది సెకన్లు పారినా గుండె లయ తప్పే ముప్పు మొదలవుతుంది కాబట్టే ఆ హద్దును ఎంచుకున్నారు. ఆ స్థాయి లీకేజీకి అది సెకనులో మూడో వంతు కూడా గడవకముందే పడిపోవాలి. అయితే ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య ఒకేసారి చేతులు పెట్టిన మనిషిని ఆర్‌సీసీబీ కాపాడలేదు, ఎందుకంటే అప్పుడు దాని లెక్కలో తేడా ఏమీ ఉండదు.

ఇప్పుడు పటం గీయండి. ఇంట్లోని దీపాలు, ఫ్యాన్లు అన్నీ వేసి, ఒక్కో ఎంసీబీని తీస్తూ ఏమేమి ఆగిపోయాయో గదుల వారీగా రాసుకోండి. సాకెట్లను చూడడానికి ఒక చిన్న రాత్రి దీపాన్నో ఛార్జరునో అన్నిటిలో పెట్టి చూస్తే సరిపోతుంది. చాలా ఫ్లాట్లలో బోర్డు మీద అంటించిన చీటీలకూ, లోపలి వాస్తవానికీ పొంతన ఉండదు. ప్రతి ఎంసీబీ మీద, అది ఎన్ని ఆంపియర్లదో చెప్పే అంకెను కూడా, ఉదాహరణకు సీ16, బీ10 వంటివాటిని, రాసుకుని ఫోటో తీసి పెట్టుకోండి. రేపు ఎవరైనా దాన్ని మార్చి పెద్దది పెడితే తెలుసుకోవడానికి మీ దగ్గర ఉండే ఆధారం ఈ ఫోటోయే.

ఆఖరున ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ నొక్కండి. కంప్యూటర్ల వంటివి ముందే ఆపేసుకోండి. బటన్ నొక్కగానే మీట పడిపోవాలి. పడిపోకపోతే ఆ పరికరం చచ్చినట్టే లెక్క. దాన్ని అత్యవసర లోపంగా రాయాలి. పడిపోతే యంత్రాంగం పని చేస్తున్నదని మాత్రమే అర్థం. ఇంట్లో ఎర్తింగ్ (లీకైన కరెంటును భూమిలోకి పంపే తీగ ఏర్పాటు) ఉన్నదా లేదా అనే సంగతి ఆ బటన్ చెప్పదు, ఎర్తు తీగ అసలు లేని ఇంట్లో కూడా అది చక్కగా పడిపోతుంది. ఈ తేడా తెలియక ‘టెస్ట్ బాగానే ఉందండీ, ఎర్తింగ్ ఉంది’ అని చెప్పేవారు ఎలక్ట్రీషియన్లలో కూడా ఉన్నారు.

లోపాన్ని ఒక మూలకు తేవడం

ఎంసీబీ పడిపోతున్నదా, ఆర్‌సీసీబీ పడిపోతున్నదా, ఏదీ పడకుండానే ఇబ్బంది కలుగుతున్నదా అన్న ఒక్క ప్రశ్నకు జవాబు దొరికితే సగం పని అయినట్టే. ‘కరెంటు పోతోంది’ అని మాత్రమే చెబితే యజమానికీ ఏమీ తెలియదు, వచ్చే మనిషికీ ఏమీ తెలియదు.

ఎంసీబీ పడిపోతుంటే ఎంత సేపటికి పడిపోతున్నదో చూడండి. మీట ఎత్తిన మరుక్షణమే పడిపోతే షార్ట్ సర్క్యూట్ అని అనుమానించాలి. పది ఇరవై నిమిషాలు నడిచాక పడిపోతే లోడు ఎక్కువై ఉండాలి, లేదా ఎంసీబీ టెర్మినల్ (తీగ బిగించే చోటు) వదులై అక్కడ వేడి పుట్టి ఉండాలి. లోడు లెక్క మీరే వేసుకోవచ్చు. పరికరం మీద రాసి ఉన్న వాట్లను వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. 230 వోల్టుల సరఫరా మీద 2000 వాట్ల గీజరు 8.7 ఆంపియర్లు తీసుకుంటుంది. దానితో పాటు అదే సర్క్యూటులో 2000 వాట్ల హీటరు కూడా నడిస్తే 17 ఆంపియర్లు దాటుతుంది. ఇక్కడ ఒక చిక్కు ఉంది. 16 ఆంపియర్ల ఎంసీబీ 16 దాటిన క్షణమే పడిపోదు. ప్రమాణాల ప్రకారం 18 ఆంపియర్ల వరకు గంటసేపు పడిపోకుండా ఉండవచ్చు, 23 ఆంపియర్లకు గంటలోపు తప్పక పడిపోవాలి. అందుకే చలికాలంలో మాత్రమే, అదీ ఒక్కోసారి మాత్రమే పడిపోయే ఎంసీబీలు ఉంటాయి. దాన్ని ‘ఎప్పుడో ఒకసారి’ అని వదిలేయకుండా, ఆ సమయంలో ఏమేమి నడుస్తున్నాయో రాసుకుంటే రెండు మూడు సార్లకే సంగతి బయటపడుతుంది.

ఆ సర్క్యూటులోని ప్లగ్గులన్నీ పీకేసి, స్విచ్చులన్నీ తీసేసి మీట ఎత్తండి. నిలబడితే లోపం ఏదో పరికరంలో ఉన్నది. ఒక్కొక్కటిగా పెడుతూ వస్తే దొరుకుతుంది. నిలబడకపోతే లోపం వైరింగులోనో ఎంసీబీలోనో ఉన్నది, అది యజమాని చూసుకోవలసిన భాగం. మళ్లీ మళ్లీ బలవంతంగా ఎత్తవద్దు. షార్ట్ అయిన తీగలోకి కరెంటును పదే పదే పంపడం వల్ల లోపం దొరకదు, తీగ తొడుగు మాత్రం మరింత మాడుతుంది.

ఆర్‌సీసీబీ విషయంలో వెతుకులాట కొంచెం సున్నితమైనది. ముందుగా ఎంసీబీలన్నీ తీసేసి ఆర్‌సీసీబీ ఎత్తండి. నిలబడితే ఒక్కో ఎంసీబీని వేస్తూ రండి; ఏది వేయగానే పడిపోయిందో ఆ సర్క్యూటులో లీకేజీ ఉన్నది. తరువాత ఆ సర్క్యూటులోని ప్లగ్గులు పీకి మళ్లీ చూడాలి. స్విచ్ తీయడం సరిపోదు, ప్లగ్గునే పీకాలి, ఎందుకంటే స్విచ్ ఫేజును మాత్రమే తెంచుతుంది. పరికరంలో న్యూట్రల్ వైపు తీగ ఆ పరికరపు లోహపు ఒంటికి తగిలి ఉంటే ఆ లోపం స్విచ్ తీసినా అలాగే ఉంటుంది. నీటితోనో, వేడితోనో పని చేసే పరికరాలను ముందు అనుమానించండి. గీజరు, వాషింగ్ మెషిన్, ఇస్త్రీ పెట్టె, కరెంటు కెటిల్ లోపలి హీటింగ్ ఎలిమెంట్ తొడుగులోకి తేమ చేరితే అది మెల్లగా లీకవుతుంది. గీజరు వంటివి ప్లగ్గుతో కాక నేరుగా తీగలతో కలిపి ఉంటే, వాటిని విడదీసి చూడడం ఎలక్ట్రీషియన్ పని.

కొన్నిసార్లు ఏ ఒక్క పరికరమూ దోషి కాదు. కంప్యూటర్లు, వాషింగ్ మెషిన్లు, ఇన్వర్టర్ ఏసీల లోపలి ఫిల్టర్లు లోపం లేకపోయినా కొద్దికొద్దిగా ఎర్తులోకి కరెంటు వదులుతాయి. 30 మిల్లీఆంపియర్లు అని రాసి ఉన్న ఆర్‌సీసీబీ 15 దాటినప్పటి నుంచి ఎక్కడైనా పడిపోవచ్చు కాబట్టి, ఒక్క ఆర్‌సీసీబీ మీద ఇల్లంతా ఆధారపడి ఉంటే ఈ చిల్లర లీకేజీలన్నీ కలిసి దాన్ని పడగొడతాయి. అప్పుడు చేయవలసినది సర్క్యూట్లను రెండు మూడు ఆర్‌సీసీబీల మీదికి విడదీయడం, లేదా ఎంసీబీ, ఆర్‌సీసీబీ రెండింటి పనీ చేసే ఆర్‌సీబీఓలను సర్క్యూటుకొకటి పెట్టించడం. 100 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ పెడితే పడిపోవడం ఆగిపోతుంది, మనిషికి ఉన్న రక్షణ కూడా దానితోనే పోతుంది.

ఎంసీబీలన్నీ తీసేసినా ఆర్‌సీసీబీ పడిపోతుంటే చాలామంది ఆర్‌సీసీబీనే తప్పుపట్టి మార్చేస్తారు. అది చెడిపోయి ఉండవచ్చు. కానీ ఒకే ధ్రువం ఉన్న ఎంసీబీ ఫేజును మాత్రమే ఆపుతుందనీ, న్యూట్రల్ తీగలు బోర్డులో అలాగే కలిసి ఉంటాయనీ గుర్తుంచుకోవాలి. ఏదో ఒక బోర్డులో న్యూట్రల్, ఎర్తు తీగలు ఒకదానికొకటి తగిలి ఉంటే అన్ని ఎంసీబీలూ తీసినా తేడా కనిపించి ఆర్‌సీసీబీ పడిపోతుంది. ఎక్కడో గోడకు మేకు కొట్టిన మరునాటి నుంచి ఇది మొదలైతే ఆ మేకు సంగతి యజమానికి దాచకుండా చెప్పండి. వెతికేవారికి గంటలు మిగులుతాయి.

ఇక ఏదీ పడిపోకుండానే వచ్చే ఇబ్బందులు. నిజానికి వీటికే ఎక్కువ భయపడాలి, ఎందుకంటే వదులైన జాయింటును ఎంసీబీ గానీ ఆర్‌సీసీబీ గానీ చూడలేవు. జాయింటు దగ్గర అర ఓము నిరోధం ఏర్పడి, దాని గుండా 10 ఆంపియర్లు పారితే అక్కడ 50 వాట్ల వేడి పుడుతుంది. గాలి ఆడని ప్లాస్టిక్ పెట్టెలో, వేలిగోరంత చోటులో అంత వేడి చేరడమంటే మాడడం మొదలైనట్టే. పారుతున్న కరెంటు మాత్రం మామూలుగా 10 ఆంపియర్లే కాబట్టి ఎంసీబీ దాన్ని తప్పుగా చూడదు. గీజరో, ఏసీయో అరగంట నడిచాక ప్లగ్గు పీకి దాని పిన్నులను జాగ్రత్తగా, కాసేపాగి, తాకి చూడండి. ఒక పిన్ను మాత్రమే బాగా వేడిగా ఉంటే సాకెట్టులో ఆ వైపు పట్టు వదులైనట్టు. దీపం మిణుకుమంటుంటే, అది ఒక్క దీపమేనా, ఒక గది అంతానా, ఇల్లంతానా అని చూడండి. ఒక్క దీపమైతే బల్బు మార్చి చూడాలి. గది అయితే ఆ సర్క్యూటు జాయింట్లు. ఇల్లంతా అయితే మెయిన్ దగ్గరో మీటరు దగ్గరో వదులు.

స్విచ్ తీసినా ఎల్‌ఈడీ దీపం మసకగా వెలుగుతూనే ఉంటే, పక్కపక్కన పోతున్న తీగల ప్రభావం వల్ల కావచ్చు, స్విచ్‌లోని చిన్న సూచిక దీపం వల్ల కావచ్చు. ఇవి ప్రమాదం కాదు. అయితే స్విచ్‌ను ఫేజు మీద కాక న్యూట్రల్ మీద కలిపి ఉన్నా అలాగే వెలుగుతుంది. అప్పుడు స్విచ్ తీసి బల్బు మార్చబోయిన మనిషి చేతికి హోల్డరులో ఫేజు తగులుతుంది. పరీక్షించి తేల్చవలసింది ఎలక్ట్రీషియన్. బల్బు మార్చేటప్పుడు స్విచ్‌ను నమ్ముకోకుండా ఎంసీబీనే తీయడం ఏ ఇంట్లోనైనా మంచి అలవాటు.

లోహపు ఒళ్లు ఉన్న ల్యాప్‌టాప్ మీద చేయి పెడితే సన్నగా జివ్వుమనడం చాలావరకు దాని ఛార్జరులోని ఫిల్టరు వల్ల. అది మిల్లీఆంపియరు లోపే. కానీ మూడు పిన్నుల ప్లగ్గు పెట్టినా జివ్వుమంటుంటే ఆ సాకెట్టులో ఎర్తు లేదని అనుమానించాలి, దాన్ని లోపాల జాబితాలో చేర్చండి. ఫ్రిజ్, గీజరు, కుళాయిల దగ్గర అటువంటిది తగిలితే జాబితాలతో పని లేదు, వెంటనే ఆపేయాలి. ఇక్కడ నియాన్ టెస్టరును పెద్దగా నమ్మవద్దు. కరెంటు లేని తీగ మీద కూడా పక్క తీగ ప్రభావానికి అది వెలగవచ్చు. పగటి వెలుగులో నిజంగా వెలిగినా కనిపించకపోవచ్చు.

బిల్లు అసహజంగా పెరిగినప్పుడు చేయవలసిన పరీక్ష ఒకటుంది. ఇంట్లో మెయిన్ తీసేసి మీటరు దగ్గరికి వెళ్లి, దాని మీద మిణుకుమనే చిన్న దీపాన్ని చూడండి. మీటరు మీద యూనిట్‌కు 3200 అని రాసి ఉంటే, ఆ దీపం 3200 సార్లు మెరిస్తే ఒక యూనిట్ అని అర్థం. మెయిన్ తీసేశాక కూడా మెరుపులు ఆగకపోతే మీ మీటరు నుంచి మీ ఫ్లాటుకు కాక మరెక్కడికో కరెంటు పోతున్నది. అది మెట్ల దగ్గర దీపాలు కావచ్చు, నీటి మోటారు కావచ్చు, మీటర్లే తారుమారై ఉండవచ్చు, దారిలో తీగ లీకవుతూ ఉండవచ్చు. వీడియో తీసి పెట్టుకోండి. ఈ ఒక్క వీడియో నెలల తరబడి సాగే వాదనను తేల్చేస్తుంది.

ఎవరి బాధ్యత ఎంతవరకు

మీటరు దాకా వచ్చే తీగలు, మీటరు సాధారణంగా సరఫరా సంస్థవి. మీటర్ల గది, అక్కడి నుంచి ఫ్లాట్లకు పైకి వెళ్లే తీగలు, మెట్ల దీపాలు భవన నిర్వహణ సంఘానివో యజమానివో. ఫ్లాటు లోపల గోడలో ఉన్నవీ, గోడకు బిగించినవీ, ఒప్పందంలో ఇంటితో పాటు ఇచ్చినట్టు రాసిన గీజరు, ఏసీ వంటివీ యజమానివి. మీరు తెచ్చుకున్న పరికరాలు, వాటి ప్లగ్గులు, మీ వాడకం వల్ల జరిగిన నష్టం మీవి. ఒప్పందంలో ‘చిన్న మరమ్మతులు అద్దెదారువి’ అనే వాక్యం ఉంటే దాని అర్థం బల్బులు, ట్యూబులు మార్చుకోవడం దాకానే అని మొదటే రాయించుకోవాలి. వైరింగు లోపాన్ని చిన్న మరమ్మతు కింద చూపించే ప్రయత్నాలు ఆ వాక్యంతోనే మొదలవుతాయి.

యజమానికి రాయడం

ఫోనులో చెప్పినా సరే, అదే రోజు సందేశం రూపంలో కూడా పంపండి. అందులో కోపం, పాత గొడవల ప్రస్తావన, ‘ఇల్లంతా పాడైపోయింది’ వంటి మాటలు ఉండకూడదు. మొదలైన తేదీ, లోపం జరిగే తీరు, మీరు చేసి చూసిన పరీక్షలు, దానివల్ల ఉన్న ప్రమాదం, మీరు కోరుతున్న పని, ఇంట్లో మీరు ఉండే సమయాలు ఉంటే చాలు. ఇలా రాయవచ్చు:

‘నమస్కారం అండీ. ఈ నెల 4వ తేదీ నుంచి వంటగది సాకెట్ల ఎంసీబీ వేసినప్పుడల్లా ఆర్‌సీసీబీ పడిపోతోంది. ఆ సర్క్యూటులోని ప్లగ్గులన్నీ పీకి చూశాను, అయినా పడిపోతోంది. మిగతా సర్క్యూట్లు వేస్తే నిలబడుతోంది. కాబట్టి లీకేజీ వంటగది వైరింగులోనే ఉన్నట్టు కనిపిస్తోంది. ప్రస్తుతం ఆ ఎంసీబీని తీసి ఉంచాను, ఫ్రిజ్‌కు వేరే గది నుంచి సరఫరా తీసుకుంటున్నాను. అర్హత ఉన్న ఎలక్ట్రీషియన్ చేత ఆ సర్క్యూటు ఇన్సులేషన్ (తీగ తొడుగు) పరీక్ష చేయించి, కారణాన్ని సరిచేయించగలరు. సాయంత్రం ఆరు దాటాక, ఆదివారం రోజంతా ఇంట్లోనే ఉంటాను. బోర్డు ఫోటోలు జత చేశాను.’

ఇటువంటి సందేశం చదివిన యజమాని అద్దెదారు నిర్లక్ష్యం అని తోసిపుచ్చడం కష్టం, ఎందుకంటే పరికరాలు కావని అందులోనే రుజువైంది. ఎలక్ట్రీషియన్‌కు దాన్ని యథాతథంగా పంపినా అతను తగిన పనిముట్లతో వస్తాడు.

ఎలక్ట్రీషియన్ వచ్చినప్పుడు

మనిషిని యజమాని పంపితే మంచిది. మీరే పిలవవలసి వస్తే ఖర్చు ఎవరిదో, ఎంతవరకో ముందే రాతలో ఒప్పించుకోండి. అనుమతి పొందిన ఎలక్ట్రీషియన్ కావడం, చేసిన పనికి రసీదు ఇవ్వడం కనీసపు షరతులు. మీ ఎదుట పని చేయమని కోరడం అవమానించడం కాదు. పనిమంతుడు సరఫరా ఆపేసి, ఆగిందని వోల్టేజీ కొలిచే పరికరంతో చూసుకుని, అప్పుడే తీగ ముట్టుకుంటాడు. కరెంటు ఉండగానే వేళ్లు పెట్టే మనిషి ధైర్యాన్ని మెచ్చుకోవద్దు. ఆ పని తీరే మీ గోడలో కూడా మిగిలిపోతుంది.

వైరింగులో లీకేజీ అనుమానం ఉంటే ఇన్సులేషన్ టెస్టరుతో పరీక్షించాలి. దాన్ని వాడుకలో మెగ్గర్ అంటారు. పరికరాలన్నీ విడదీసి, 500 వోల్టుల డీసీతో కొలిచినప్పుడు నిరోధం కనీసం 1 మెగాఓము ఉండాలి. మంచి స్థితిలో ఉన్న వైరింగులో అది దానికి ఎన్నో రెట్లు ఎక్కువ కనిపిస్తుంది. ఏ సర్క్యూటుకు ఎంత వచ్చిందో అడిగి రాసుకోండి. కొలవకుండా ‘వైరింగు పాతబడింది, మొత్తం మార్చాలి’ అన్నా నమ్మవద్దు, ‘ఏమీ లేదు, బాగానే ఉంది’ అన్నా నమ్మవద్దు.

నాలుగు పనులను మాత్రం ఎవరు చేయబోయినా అక్కడికక్కడే ఆపించాలి. మొదటిది, ఎంసీబీని పెద్దదానితో మార్చడం. గోడలో పైపు గుండా వేసిన 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, వేసిన తీరును బట్టి, సుమారు 19 నుంచి 24 ఆంపియర్ల వరకే మోయగలదు. దానికి 32 ఆంపియర్ల ఎంసీబీ పెడితే ఇక ముందుగా మాడేది తీగే. తీగ మందం కూడా మారిస్తే తప్ప ఎంసీబీ అంకె పెరగకూడదు. రెండోది, పడిపోతున్న ఆర్‌సీసీబీని తప్పించి తీగలను నేరుగా కలపడం. ‘రేపు వచ్చి కొత్తది పెడతాను’ అంటారు, ఆ రేపు సంవత్సరమైనా రాదు. మూడోది, ఎర్తు లేని సాకెట్టులో ఎర్తు పిన్నును న్యూట్రల్‌తో కలిపేయడం. టెస్టరుకు అంతా సరిగానే కనిపిస్తుంది, కానీ దారిలో ఎక్కడైనా ఆ న్యూట్రల్ తెగిన రోజున ఫ్రిజ్ ఒళ్లంతా 230 వోల్టులు నిలబడతాయి. నాలుగోది, తెగిన తీగలను మెలిపెట్టి టేపు చుట్టి గోడలో పూడ్చేయడం. జాయింటు తప్పదంటే అది తెరిచి చూడగలిగే పెట్టెలో, కనెక్టరుతో ఉండాలి.

మాడిన సాకెట్టును మారుస్తున్నప్పుడు దాని వెనుక తీగ చివరను చూపించమనండి. రాగి నల్లబడి, తొడుగు గట్టిపడి ఉంటే ఆ భాగాన్ని మంచి తీగ కనిపించే దాకా కత్తిరించాలి. కత్తిరిస్తే పొడవు చాలని పక్షంలో కొత్త తీగ లాగాలి. నల్లబడిన తీగకే కొత్త సాకెట్టు బిగిస్తే అదే మాడడం కొన్ని నెలల్లో మళ్లీ మొదలవుతుంది. తీసేసిన పాత భాగాలను అడిగి తీసుకుని ఫోటో తీసి యజమానికి పంపండి.

పని అయ్యాక

అతను వెళ్లకముందే ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ నొక్కించండి, బోర్డును పాత ఫోటోతో పోల్చండి, ఏ పరిస్థితిలో లోపం వచ్చేదో ఆ పరిస్థితినే మళ్లీ కల్పించి చూడండి. గీజరూ హీటరూ కలిపి నడిచినప్పుడు పడిపోయేదైతే ఆ రెండూ అరగంట నడవాలి. ఎర్తు పని చేస్తున్నదని నిరూపించడానికి సాకెట్టులోనే పరీక్ష చేయగల పరికరంతో కొలవమనండి. మార్చినవి, కొలిచిన అంకెలు, తేదీ రసీదు మీద రాయించుకుని, ఒక నకలును యజమానికి పంపండి. వానలు మొదలైనప్పుడు తిరగబెట్టే లీకేజీలు ఉంటాయి కాబట్టి పైకప్పు చెమ్మ కనిపించే గదులను మరికొన్ని వారాలు గమనిస్తూ ఉండాలి.

యజమాని స్పందించకపోతే

ప్రమాదం లేని లోపానికి ఒక వారం, ప్రమాదకరమైనదానికి ఒక రోజు గడువు పెట్టి రెండోసారి రాయండి. మొదటి సందేశాన్ని జత చేసి, ఫలానా తేదీ లోపు పని మొదలుకాకపోతే ఫలానా మనిషి చేత చేయించి రసీదు పంపుతాననీ, అందుకు అభ్యంతరం ఉంటే తెలపమనీ అడగవచ్చు. అయితే ఖర్చును అద్దెలో మినహాయించుకునే హక్కు చోటును బట్టి, ఒప్పందాన్ని బట్టి మారుతుంది. రాతపూర్వక అంగీకారం లేకుండా మినహాయించడం, అద్దె ఆపేయడం చాలా చోట్ల మీ వైపు తప్పుగానే లెక్కకు వస్తాయి. దానికి బదులు మూడు దారులు చూడండి: మీటరు, సరఫరా తీగల విషయమైతే సరఫరా సంస్థ, ఉమ్మడి వైరింగు విషయమైతే భవన సంఘం, ఫ్లాటు లోపలి ప్రమాదమైతే మీ ప్రాంతంలో అద్దె వివాదాలను గానీ విద్యుత్ భద్రతను గానీ చూసే ప్రభుత్వ కార్యాలయం. స్వతంత్ర ఎలక్ట్రీషియన్ చేత ఒకసారి పరీక్ష చేయించి కొలతలతో కూడిన కాగితం తీసుకుంటే ఆ ఖర్చు మీదే అయినా, ఏ కార్యాలయంలోనైనా మీ మాటకు బలం దానివల్లే వస్తుంది. ఈ లోపు లోపమున్న సర్క్యూటును తీసేసే ఉంచండి, దాని ఎంసీబీ మీద ‘వేయవద్దు’ అని చీటీ అంటించండి; మీరు లేని సమయంలో ఇంట్లోని మరొకరో, వచ్చిన చుట్టమో తెలియక దాన్ని ఎత్తే అవకాశం ఉంటుంది.